కోటలో యువరాణి లేదు, ముందుంది ఓవర్‌ఫ్లో: డాంకీ కాంగ్‌లో 10 లక్షలు దాటిన స్టీవ్ వీబీ కథ

బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా మినీ ప్రాజెక్ట్ ఒక విజిటర్ కౌంటర్. లైబ్రరీ డోర్ దగ్గర ఐఆర్ సెన్సర్, లోపల ఆర్డుయినో బోర్డు. ఎవరైనా లోపలికి వెళ్తే డిస్‌ప్లే మీద నంబర్ ఒకటి పెరగాలి, అంతే. టెక్ ఫెస్ట్ రోజు బాగానే పనిచేసింది. మధ్యాహ్నం 255 దాకా వచ్చింది. ఆ తర్వాత ఇంకొకరు లోపలికి వెళ్లారు, డిస్‌ప్లే మీద 0 పడింది. హెచ్‌ఓడీ సార్ అటు చూసి, "ఏంటయ్యా, లోపలికి వెళ్లినోళ్లంతా ఏమైపోయారు?" అన్నారు.

కోడ్ రాసింది నేనే. కౌంట్ దాచుకునే వేరియబుల్‌కి 'బైట్' అని టైప్ ఇచ్చాను. ఒక బైట్ అంటే 8 బిట్లు. అందులో 0 నుంచి 255 వరకే పడతాయి, 256వది వస్తే మళ్లీ సున్నా. దీన్నే ఇంటిజర్ ఓవర్‌ఫ్లో అంటారు.

నా తప్పుకి ఫెస్ట్‌లో నవ్వులు పడ్డాయి, అక్కడితో అయిపోయింది. కానీ ఇలాంటి తప్పే 1981లో వచ్చిన ఒక ఆర్కేడ్ గేమ్‌లో ఉండిపోయింది. దాని వల్ల ఆ గేమ్‌కి మామూలు ఆటతో దాటలేని గోడ ఒకటి ఏర్పడింది. ఆ గోడ వరకు ఎన్ని పాయింట్లతో వెళ్లగలం అని కొందరు సంవత్సరాలు ఖర్చు పెట్టారు. వాళ్లలో ఒకడి గురించే ఈ ఆర్టికల్. పేరు స్టీవ్ వీబీ.

ముందు గేమ్ ఏంటో చూద్దాం

డాంకీ కాంగ్. నింటెండో 1981లో రిలీజ్ చేసింది. డిజైన్ చేసింది షిగెరు మియమోటో. మనం మారియో అని పిలిచే మీసాల హీరో మొదట కనిపించింది ఇందులోనే. అప్పట్లో అతని పేరు జంప్‌మ్యాన్. పైన గొరిల్లా నిలబడి పీపాలు దొర్లిస్తుంటుంది. మనం వాటి మీదుగా దూకుతూ, నిచ్చెనలెక్కి పైనున్న అమ్మాయి దగ్గరికి చేరాలి.

హార్డ్‌వేర్ స్పెక్స్ వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. జెడ్80 ప్రాసెసర్, స్పీడ్ 3 మెగాహెర్ట్జ్ కొంచెం పైన. మీ జేబులో ఉన్న బడ్జెట్ ఫోన్‌లో ఒక్కో కోర్ గిగాహెర్ట్జ్‌ల్లో నడుస్తుంది. అయినా ఈ గేమ్‌లో పది లక్షలు కొట్టడం చాలా చాలా కష్టం.

ఎందుకంటే ఇందులో బట్టీ పనిచేయదు. అదే కాలం నాటి ప్యాక్‌మ్యాన్‌లో మీరు ఒకే దారిలో ఒకేలా కదిలితే దెయ్యాలు కూడా ప్రతిసారీ ఒకేలా కదులుతాయి. దారి గుర్తుపెట్టుకుంటే చాలు. డాంకీ కాంగ్‌లో పీపా నిచ్చెన దగ్గరికి వచ్చినప్పుడు కిందికి దిగాలా, ముందుకు దొర్లాలా అనేదాంట్లో ర్యాండమ్ నంబర్ పాత్ర ఉంటుంది. అలాగని అంతా లక్ కూడా కాదు. మారియో ఎక్కడున్నాడు, ఆ క్షణంలో మీరు జాయ్‌స్టిక్ ఏ వైపు నొక్కి ఉన్నారు అనేవి కూడా కోడ్ చూస్తుంది. అంటే బాగా తెలిసినవాడు జాయ్‌స్టిక్‌తో పీపాల్ని తనకు కావలసిన వైపు మళ్లించొచ్చు. ప్లేయర్లు దీన్ని బ్యారెల్ స్టీరింగ్ అంటారు.

అసలు గోడ: 117వ స్క్రీన్

ఇప్పుడు లెక్క చేద్దాం. అమెరికన్ వెర్షన్‌లో మొదటి లెవల్‌కి 2 స్క్రీన్లు, రెండో దానికి 3, మూడో దానికి 4, నాలుగో దానికి 5. ఐదో లెవల్ నుంచి ప్రతి లెవల్‌కీ 6. అంటే 21వ లెవల్ పూర్తయ్యేసరికి 14 ప్లస్ 102, మొత్తం 116 స్క్రీన్లు.

ప్రతి స్క్రీన్‌కీ ఒక బోనస్ టైమర్ ఉంటుంది. అది సున్నా అయ్యేలోపు పైకి చేరకపోతే మారియో చచ్చిపోతాడు. ఆ టైమర్ ఎంత ఉండాలో గేమ్ ఇలా లెక్కేస్తుంది: లెవల్ నంబర్‌ని 10తో గుణించి 40 కలుపుతుంది. వచ్చిన దానికి రెండు సున్నాలు చేర్చితే బోనస్. ఒకటో లెవల్‌కి 10 ప్లస్ 40, అంటే 50. కాబట్టి 5,000. రెండో లెవల్‌కి 6,000. నాలుగో లెవల్‌కి 8,000. అక్కడి నుంచి ఇంకా పెరగకుండా 80 దగ్గర ఆపేస్తారు.

21వ లెవల్‌కి 210 ప్లస్ 40, 250. బైట్‌లో పడుతుంది, 80కి తగ్గిస్తుంది, ఏ ఇబ్బందీ లేదు. 22వ లెవల్‌కి 220 ప్లస్ 40, 260. ఇది బైట్‌లో పట్టదు. 260 లోంచి 256 పోతే మిగిలేది 4. 80 కన్నా ఎక్కువ ఉందా అని చెక్ చేస్తే లేదు. కాబట్టి గేమ్ ఆ 4నే కరెక్ట్ అనుకుని 400 బోనస్‌తో టైమర్ స్టార్ట్ చేస్తుంది. మారియో కాస్త ఎక్కేలోపే టైమ్ అయిపోతుంది. మామూలుగా ఆడితే ఎన్ని లైఫ్‌లున్నా ఇంతే, ఒక్కోటి అలాగే పోతుంది. దీన్నే కిల్ స్క్రీన్ అంటారు. మా లైబ్రరీ కౌంటర్ చేసిన పనే ఇదీ చేసిందన్నమాట.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మామూలుగా ఆడితే గేమ్ 117వ స్క్రీన్‌లో ఆగిపోతుంది కాబట్టి ఎక్కువసేపు ఆడి స్కోర్ పెంచుకునే ఛాన్స్ లేదు. ఉన్న 116 స్క్రీన్లలోనే పిండుకోవాలి. పది లక్షలు కావాలంటే సగటున ఒక్కో స్క్రీన్‌కి ఎనిమిదిన్నర వేలకు పైగా రావాలి. కానీ బోనస్ ఫుల్‌గా ఉన్నా 8,000. అది కూడా సెకను సెకనుకీ తగ్గుతుంది. మిగతాది పీపాల మీద దూకి, సుత్తితో పగలగొట్టి తెచ్చుకోవాలి. సుత్తి దెబ్బకి 300 రావొచ్చు, 500 రావొచ్చు, 800 రావొచ్చు, మన చేతిలో లేదు. త్వరగా పైకెళ్తే బోనస్ మిగులుతుంది, కిందే ఉంటే దెబ్బలకి పాయింట్లు వస్తాయి. ప్రతి స్క్రీన్‌లో ఈ బేరం ఆడుతూ రెండున్నర గంటలకు పైగా ఆడాలి.

ఉద్యోగం పోయింది, గరాజ్‌లో మెషీన్ మిగిలింది

స్టీవ్ వీబీది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, రెడ్మండ్. బోయింగ్‌లో ఉద్యోగం పోయింది. పెళ్లయింది, పిల్లలున్నారు. ఆ ఖాళీలో అతని కంట పడింది ఒక పాత నంబర్: 8,74,300. బిల్లీ మిచెల్ అనే ఫ్లోరిడా ప్లేయర్ 1982లో డాంకీ కాంగ్ మీద కొట్టిన స్కోర్. రెండు దశాబ్దాలు గడిచినా జనం నోట్లో నానుతున్న రికార్డ్ అదే.

వీబీ గరాజ్‌లో డాంకీ కాంగ్ మెషీన్ పెట్టుకున్నాడు. పిల్లలు పడుకున్నాక ఆడేవాడు. స్క్రీన్ గ్లాస్ మీద మార్కర్‌తో గీతలు గీసి పీపాలు ఎటు పోతున్నాయో లెక్కేసుకునేవాడు. గేమ్‌ప్లే మొత్తం వీడియో టేప్ మీద రికార్డ్ చేసేవాడు, ఎందుకంటే స్కోర్ పంపాలంటే అదే ప్రూఫ్.

ఒక రోజు ఆ టేప్ మీదే చరిత్ర పడింది. పది లక్షలకి దగ్గరవుతున్నప్పుడు వెనక నుంచి చిన్న కొడుకు ఏడుపు వినిపిస్తుంది. బాత్రూమ్ పని అయిపోయింది, నాన్న వచ్చి కడగాలి. ఆట ఆపమని వాడి గోల. నాన్న జాయ్‌స్టిక్ వదలలేడు. అలా ఆడుతూనే 10,06,600 కొట్టాడు. మన ఇళ్లల్లో ఎవరైనా ఇంత పని చేసి ఉంటే ఇంట్లో ఏం జరిగేదో మీ ఊహకే వదిలేస్తున్నా.

ఇందులో ఇంకో సరదా ఉంది. డాంకీ కాంగ్ స్కోర్‌కి ఆరు అంకెలే ఉన్నాయి. 9,99,900 తర్వాత ఇంకో వంద పాయింట్లు వస్తే మళ్లీ 000000. అంటే పది లక్షలు దాటిన మనిషికి మెషీన్ చూపించింది సున్నాలు. అతను దాటాడని చెప్పడానికి మెషీన్ దగ్గర చోటు లేదు. టేప్ మాత్రమే సాక్ష్యం.

స్కోర్ వచ్చింది, నమ్మకం రాలేదు

అప్పట్లో ఆర్కేడ్ రికార్డులు లెక్కగట్టేది ట్విన్ గెలాక్సీస్ అనే సంస్థ. వాల్టర్ డే అనే ఆయన అమెరికాలోని అయోవా రాష్ట్రం, ఆటమ్వా అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టాడు. వీబీ స్కోర్ ముందు గుర్తించారు. తర్వాత అతని మెషీన్‌లో ఉన్న సర్క్యూట్ బోర్డు ఎక్కడి నుంచి వచ్చింది అనే దాని మీద అనుమానాలు లేచాయి. స్కోర్ పక్కన పెట్టేశారు. ఇంట్లో ఆడిన టేప్ కాదు, అందరి ముందు ఆడి చూపించు అన్నారు.

వీబీ చూపించాడు. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఫన్‌స్పాట్ అని పెద్ద ఆర్కేడ్ ఉంది. దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్లి, జనం చుట్టూ మూగి చూస్తుంటే 9,85,600 కొట్టాడు. కిల్ స్క్రీన్ కూడా చేరాడు. అక్కడే మిచెల్ పంపిన ఒక టేప్ బయటికి వచ్చింది. అందులో స్కోర్ 10,47,200. మనిషి రాలేదు, టేప్ వచ్చింది. వీబీని లైవ్‌లో ఆడమన్నవాళ్లు ఈ టేప్‌ని అంగీకరించారు.

ఇదంతా సేథ్ గోర్డాన్ తీసిన 'ది కింగ్ ఆఫ్ కాంగ్' అనే 2007 డాక్యుమెంటరీలో ఉంది. సినిమాలో వీబీ హీరో, మిచెల్ విలన్ అన్నట్టు కనిపిస్తుంది. డాక్యుమెంటరీకి కూడా ఎడిటింగ్ ఉంటుందని మర్చిపోకుండా చూడాలి.

తర్వాత కథ స్కోర్‌బోర్డులోనే చదవొచ్చు. 2006లో వీబీ 10,49,100. 2007లో మిచెల్ 10,50,200. తేడా 1,100 పాయింట్లు, అంటే రెండు మూడు సుత్తి దెబ్బలు. 2009లో వీబీ ఈ3 గేమింగ్ షోలో లైవ్ టెలికాస్ట్‌లో ట్రై చేశాడు, రికార్డ్ రాలేదు. 2010లో న్యూయార్క్ ప్లాస్టిక్ సర్జన్ హాంక్ చియెన్ 10,61,700 కొట్టాడు. అదే ఏడాది మిచెల్ 10,62,800 అన్నాడు. వెంటనే వీబీ 10,64,500. కొన్ని నెలల్లోనే చియెన్ మళ్లీ పైకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన కుర్రాళ్లు 12 లక్షలు దాటేశారు. ఈలోపు వీబీ స్కూల్ టీచర్ అయ్యాడు.

2018: ఒక్క ఫ్రేమ్ మీద గొడవ

మన సైట్ రీడర్స్‌కి అసలు నచ్చే పార్ట్ ఇదే.

2018 ఫిబ్రవరిలో మిచెల్ టేపుల మీద ఒక టెక్నికల్ కంప్లైంట్ వచ్చింది. ప్రశ్న ఏంటంటే, ఈ వీడియో అసలైన ఆర్కేడ్ బోర్డు నుంచి వచ్చిందా, లేక మేమ్ అనే ఎమ్యులేటర్ నుంచి వచ్చిందా?

తేడా ఎలా తెలుస్తుంది? ఒక స్క్రీన్ అయిపోయి ఇంకోటి వచ్చేటప్పుడు గేమ్ కొత్త బొమ్మని వీడియో మెమరీలోకి ముక్కలు ముక్కలుగా రాస్తుంది. అసలు మెషీన్‌లో సీఆర్‌టీ మానిటర్ ఉంటుంది, అది గీత తర్వాత గీత గీసుకుంటూ పోతుంది. ప్రాసెసర్ రాస్తుండగానే మానిటర్ చూపిస్తూ ఉంటుంది కాబట్టి, కొత్త స్క్రీన్ తలుపు పక్కకి జరిగినట్టు ఒక వైపు నుంచి వస్తుంది. పాత మేమ్ వెర్షన్లు అలా చేయవు. ఒక ఫ్రేమ్‌కి మెమరీలో ఏముందో ఒకేసారి ఫొటో తీసినట్టు తీసుకుని చూపిస్తాయి. అందుకే సగం సగం తయారైన బొమ్మ వేరే ఆకారంలో కనిపిస్తుంది. ఒక ఫ్రేమ్‌లో ఇనప దూలం ముక్క వేలు లాగా పొడుచుకొస్తుంది. ఇదంతా సెకనులో అరవయ్యో వంతు. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. టేప్‌ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూస్తేనే దొరుకుతుంది.

ఎమ్యులేటర్ అయితే ఏమవుతుంది, గేమ్ అదే కదా అనొచ్చు. ఎమ్యులేటర్‌లో ఆట మధ్యలో సేవ్ చేసి, చచ్చిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ ఆడొచ్చు. ఇన్‌పుట్స్ రికార్డ్ చేసి కలిపేయొచ్చు. అందరూ అలా చేస్తారని కాదు, కానీ చేయగలిగే వీలుంది. అందుకే మేమ్ స్కోర్లకి లిస్ట్ వేరే, ఆర్కేడ్ స్కోర్లకి లిస్ట్ వేరే.

2018 ఏప్రిల్‌లో ట్విన్ గెలాక్సీస్ తీర్పు చెప్పింది. 10,47,200, 10,50,200 టేపులు మార్పులు లేని అసలు డాంకీ కాంగ్ బోర్డు నుంచి వచ్చినవి కావని తేల్చి, మిచెల్ స్కోర్లన్నీ తీసేసింది. అదే సమయంలో పది లక్షలు మొదట దాటిన ప్లేయర్‌గా స్టీవ్ వీబీని గుర్తించింది.

రెండో వైపు కూడా చెప్పాలి. మిచెల్ ఈ ఆరోపణ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ట్విన్ గెలాక్సీస్ మీద 2019లో కోర్టుకి వెళ్లాడు. గిన్నిస్ కూడా మొదట తీసేసినా, 2020లో అతని రికార్డులు తిరిగి పెట్టింది. ట్విన్ గెలాక్సీస్ కేసు 2024లో సెటిల్ అయింది, అతని స్కోర్లని పాత రికార్డుల ఆర్కైవ్‌లో పెట్టారు. కాబట్టి ఎవరు దొంగ, ఎవరు దొర అని నేను ఇక్కడ తీర్పు చెప్పట్లేదు.

మనకెందుకు ఇదంతా?

ఫోన్ రివ్యూల్లో బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఎగిరిపడతాం కదా. అక్కడా ఇదే ప్రశ్న. నంబర్ ఎంత అని అడగడం సులువు. ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద, ఏ మోడ్‌లో, ఫోన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, షాపులో కొన్న యూనిట్టేనా అని అడిగితే ఆ నంబర్‌కి అర్థం వస్తుంది. ఆర్కేడ్ వాళ్లు ఇవే ప్రశ్నలు వీడియో టేపుల కాలంలో నేర్చుకున్నారు. అది కూడా మనుషుల్ని బాధపెట్టి నేర్చుకున్నారు.

ఓవర్‌ఫ్లో కూడా పాత కథ కాదు. 2014లో గంగ్నమ్ స్టైల్ పాట యూట్యూబ్‌లో 32 బిట్ కౌంటర్ లిమిట్ దాటేసింది. 2038 జనవరి 19న, టైమ్‌ని 32 బిట్లలో లెక్కపెట్టే పాత డివైస్‌ల గడియారాలు వెనక్కి తిరుగుతాయి. ప్రతి తరం ఇంజినీర్లూ "ఇంత నంబర్ ఎవడు దాటుతాడులే" అనుకుంటారు. ఎవడో ఒకడు దాటుతాడు.

ఈ సినిమా నేను చూసింది కూకట్‌పల్లిలో మా రూమ్‌లో, నా రూమ్మేట్‌తో. అప్పటికి వాడి ఉద్యోగం పోయి రెండు వారాలు. ఏడాదిన్నర కష్టపడి కట్టిన మాడ్యూల్ రిలీజ్ అయింది, అనౌన్స్‌మెంట్ మెయిల్‌లో వాడి పేరు లేదు. సినిమా అయ్యాక వాడు అడిగిన మొదటి మాట, "ఇంత ఆడితే అతనికి ఏమొచ్చింది మామా?"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. డబ్బు రాలేదు. రికార్డ్ వచ్చినా నిలవలేదు. సినిమా 2007లో ఆగిపోతుంది, 2018 సంగతి అందులో ఉండదు. అది నేనే ఫోన్‌లో వెతికి చదివి వినిపించాను. పది లక్షలు మొదట దాటింది ఇతనే అని చివరికి రాశారు రా, అన్నాను.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "టేపులు దాచుకున్నాడు కాబట్టి" అన్నాడు.

ఆ రాత్రి వాడు ల్యాప్‌టాప్ తెరిచి, ఏడాదిన్నరలో తను చేసిన పనులు ఒక్కోటి రెజ్యూమెలో రాసుకున్నాడు. ఎవరి కోడూ కాపీ చేయలేదు, ఏం కట్టాడో, ఏ బగ్ ఎలా పట్టుకున్నాడో మాత్రమే. ఐదు నెలల తర్వాత ఉద్యోగం వచ్చింది. ఆ రెజ్యూమె వల్లే వచ్చిందని చెప్పను, మార్కెట్ కూడా అప్పటికి కొంచెం కోలుకుంది. కానీ ఇంటర్వ్యూలో ఏం అడిగినా వాడి దగ్గర సమాధానం ఉంది.

మీరూ ఒకసారి ట్రై చేయాలనుకుంటే, నింటెండో స్విచ్‌లో ఆర్కేడ్ ఆర్కైవ్స్ సిరీస్ కింద అసలు ఆర్కేడ్ డాంకీ కాంగ్ దొరుకుతుంది. మా రూమ్‌లో నా బెస్ట్ స్కోర్ చెప్పుకునేంత లేదు, మూడో లెవల్ దాటలేదు. 117వ స్క్రీన్ సంగతి తర్వాత, ముందు ఆ మొదటి పీపా మీద సరిగ్గా దూకండి చాలు.